దువ్వూరు, మైదుకూరు అనే రెండు మిషన్లు

ఆ రోజుల్లో మా పక్క ఏది చెడిపోయినా అవతలి వర్గం వాళ్ల పనే అనేవాళ్లు. అందుకే మా చిన్నమ్మ ఇప్పటికీ, "ఎలక్షన్లప్పుడు అవతలోళ్లు మా పాప పనిచేసే కంప్యూటర్ సెంటర్లో దూరి మిషన్లు పాడుచేసినారు" అని ఊరంతా చెప్తుంది. అబద్ధం. ఎవరూ దూరలేదు. ఆ ఘనకార్యం నాది. ఆ మాటే అంటే, "నువ్వూరుకో, నీకేం తెలుసు" అంటుంది. (చేసినదానికి తెలీక ఇంకెవరికి తెలుస్తుందో!)

డిగ్రీ అయ్యాక జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో ప్రొద్దుటూరు వచ్చి ఆ సెంటర్లో పనిచేసేదాన్ని. నెల చూసి, పనికొస్తేనే ఉంచుకుంటానన్నాడు సెంటరు నడిపే సారు. అంతలో ఓటరు స్లిప్పులు అచ్చేసే పని వచ్చింది. రెండు పార్టీలవీ మేమే వేసేవాళ్లం. కాకపోతే ఒకరు పొద్దున, ఇంకొకరు మధ్యాహ్నం, గడపలో ఎదురుపడకుండా మధ్యలో గంట ఖాళీ. మాకున్నవి రెండే మిషన్లు, ఒకదానికి దువ్వూరనీ, ఇంకోదానికి మైదుకూరనీ పేర్లు. ఒకదాని మెదడు పాత స్పార్క్ చిప్పు, ఇంకోదాని మెదడు ఇంటెల్ చిప్పు. ఒకదాని ప్రోగ్రాం ఇంకోదాంట్లో నడవదు. ఏ మిషన్‌కు ఏ ప్రోగ్రామో తానే చూసి వేసుకునేట్టు ఒక షెల్ స్క్రిప్టు, అంటే మిషన్ వరసగా చదువుకుంటూ చేసుకుపోయే ఆజ్ఞల చీటీ, నన్ను రాయమన్నారు. అది నడిస్తే నా ఉద్యోగం నిలుస్తుంది. నేను శానా తెలివిగా, పేరు దువ్వూరైతే స్పార్క్, మైదుకూరైతే ఇంటెల్ అని రాసి పారేశాను.

పొద్దున పార్టీ ఆయన ఎదురుగా కూర్చున్నాడు. మీట నొక్కాను. ఈ ప్రోగ్రాం నావల్ల కాదని రెండు మిషన్లూ మొండికేశాయి. నేను ఊరుకుంటానా, మిషన్‌తోనే వాదులాటకు దిగాను.

"ఏంది పాపా, నీ మిషన్లు గూడా అవతలి పార్టీలో చేరిపోయినాయా?" అన్నాడాయన మీసం దువ్వుకుంటా.

"మధ్యాహ్నమోళ్లు వచ్చేలోపల కాకపోతే రేపట్నుంచి నువ్వు రావద్దు" అని సారు వాకిట్లోకి పోయి నిలబడ్డాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మిషన్లు చూసుకునే పెద్దాయనొకడు ఉండేవాడు, పులివెందుల మామ అనేవాళ్లం. వచ్చి నా స్క్రిప్టు చదివాడు.

"ఏమ్మా, నీ చిప్పు ఏందని మిషన్నే అడగొచ్చు గదా? పేరు జూసి ఎట్ల తెలుసుకుంటావు?"

"మన పక్క ఎవరినన్నా మీది ఏ పార్టీ అని మొగం మీద అడుగుతామా మామా? ఊరి పేరడిగి మనమే అర్థం చేసుకోమూ?"

మామ కడుపు పట్టుకుని నవ్వాడు. "మనుషులు అబద్ధం చెప్తారని అట్ల చేస్తాము తల్లీ. మిషన్‌కు భయమేందికి? అడుగు, చెప్తాది."

నేను ఇంకోసారి చూసుకునేలోపే నా పాత వరసలు చెరిపేశాడు. 'యూనేమ్' అనే ఆజ్ఞతో మిషన్ చిప్పు రకం కనుక్కుని, దాన్నిబట్టి ప్రోగ్రాం వేసేట్టు నా చేతనే రాయించాడు. స్లిప్పులు గలగలా వచ్చాయి. సారు లోపలికి రాగానే మామ తలొంచుకుని, "తప్పు నాదే సార్. నిన్న మిషన్లు సర్దతా వాటి పేర్లు అటుదిటు మార్చినా, పాపకు చెప్పల్యా" అన్నాడు. సారు ఆయన్ను ఎడాపెడా తిట్టాడు. ఎవరితోనైనా పేచీకి దిగే నేను, ఆ ఒక్క పూట నోరు తెరవలేదు. ఉద్యోగం మిగిలింది.

ఇన్నేళ్లలో ఎన్ని రకాల చిప్పులకో స్క్రిప్టులు రాశాను, ముందు మిషన్ను అడిగే. తలుచుకుంటే అప్పటి నా పొగరుకు నవ్వొస్తుంది. పోయినేడు పులివెందులలో మామ కనబడితే ఆ పేర్ల సంగతి నిలబెట్టి అడిగాను. "ఎప్పటి మాటలో ఎత్తుకొస్తాండావు, కాఫీ తాగు" అన్నాడు. కాఫీ తాగి బస్సెక్కాను. ఆ పేర్లు నిజంగా మామే మార్చాడా, లేక నేనే తారుమారుగా రాసుకున్నానా?