హై-హ్యాట్ కింద చీర అంచు

మా ఆవిడ పోయిన నెల చనిపోయింది. పొద్దున పొయ్యిమీద కాఫీ పెట్టి కుర్చీలో కూర్చుంది. మళ్లీ లేవలేదు. కాఫీ పొంగిన వాసనకు నేను వంటింట్లోకి వెళ్లాను.

కడప, ప్రొద్దుటూరు పక్క పెండ్లిళ్లలో ఆమెను మీలో కొందరు చూసే ఉంటారు. ఆర్కెస్ట్రాలో డ్రమ్ముల వెనక, కుచ్చిళ్లు పైకి దోపుకుని, చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని కూర్చునేది. ఆమె కనపడడం లేదేమని అడుగుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఆమె పుట్టింది ప్రొద్దుటూరులో, చేనేత ఇంట్లో. వాళ్ల నాయన మగ్గం గుంటలో దిగితే కాళ్లకింద చెక్కలు ఒకటి మార్చి ఒకటి తొక్కేవాడు. అలసిపోయినప్పుడు కూతురు దిగి తొక్కేది. అన్న ఆర్కెస్ట్రాలో డ్రమ్ములు వాయించేవాడు. ఒకరోజు అన్న లేనప్పుడు ఆమె డ్రమ్ముల ముందు కూర్చుని, ఎడమకాలు హై-హ్యాట్ పెడల్‌మీద పెట్టిందట. "చేతులకు నేర్చుకోవాల్సి వచ్చింది. కాలుకు ముందే తెలుసు" అనేది.

తెలియనివాళ్లకు చెప్తాను. హై-హ్యాట్ అంటే ఒక కడ్డీకి ఒకదానిమీద ఒకటి బోర్లించినట్టుండే రెండు కంచు పళ్లేలు. పెడల్ తొక్కితే పైది కిందికి దిగి మూసుకుంటుంది. మూసి కొడితే చప్పుడు టిక్కుమని తెగిపోతుంది. కొంచెం వదిలి కొడితే ష్ష్ అని సాగుతుంది. కర్ర తగలకుండా కాలితో తొక్కితే చాలు, చిక్ అంటుంది. ఆమెకు ఆ మూడోది ఇష్టం.

"డ్రమ్ములు వచ్చిపోయే చుట్టాలు సారూ. ఇంట్లో ఉండేది ఇదే" అనేది. నేను కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ని కాబట్టి సారూ అని పిలిచేది. నేను తాళం తప్పి చప్పట్లు కొడితే, "లెక్కల సారుకు నాలుగు దాకా లెక్కబెట్టను రాదు" అని ట్రూపు అందరికీ చెప్పి నవ్వించేది.

ఆమె హై-హ్యాట్‌లో రెండు పళ్లేలూ ఒకే జతవి కావు. పైది అన్న ఇచ్చిన పాతది, పల్చన. కిందది ఎవరిదో పగిలిన జతలో మిగిలింది, బరువు.

"కొత్త జత కొనుక్కో" అన్నాను ఒకసారి.

"ఎందుకు? మన మాదిరే ఉండాయి కదా. నేను ప్రొద్దుటూరు, నువ్వు పత్తికొండ."

"ఇందులో నేనేది?"

"కిందది. కదలవు కదా."

ఇంట్లో ప్రతి చప్పుడునూ ఆమె దాంతోనే కొలిచేది. గంపలో ఎండిన చెనిక్కాయలు ఊపితే మూసిన హై-హ్యాట్. రేకులమీద వాన పడితే తెరిచిన హై-హ్యాట్. మా పక్క వాన తక్కువ. పడినరోజు కిటికీ దగ్గర నిలబడి, "వదిలినాడు సారూ, పూర్తిగా వదిలినాడు" అనేది, పైన ఎవరో పెడల్‌మీద కాలు తీసినట్టు.

మా అమ్మకు అవి రెండు మూతలు. ఒక ఉగాదికి ఇంట్లో ఇత్తడి సామానంతా తోముతూ, వాటినీ స్టాండునుంచి తీసి చింతపండు, ముగ్గుపిండి వేసి రుద్దేసింది. మా ఆవిడ బజారునుంచి వచ్చేసరికి అవి ఎండలో బంగారంలా ఆరుతున్నాయి. ఏళ్లనాటి మురికి, చెమట, దాంతోపాటు ఆ చప్పుడులో ఉండే కొంచెం గరుకుదనం, అన్నీ పోయాయి.

ఆమె వేలిగోటితో కొట్టి చూసింది. "అత్తా, శానా తళతళలాడతాండాయి."

"ఇన్నేండ్లు తోమకుండా ఎట్ల పెట్టుకుంటివే?"

"నాకు తోచలేదు అత్తా."

ఆ రాత్రి రాజంపేట పెండ్లిలో అది కొత్త గిన్నెలా గణగణలాడింది. "కొత్తది కొన్నావా వదినా?" అన్నాడు ట్రూపు నడిపే కీబోర్డు ఆయన. "మా అత్త ఇప్పిచ్చింది" అంది. మళ్లీ నల్లబడేదాకా ఎండాకాలమంతా కాచుకుంది. మరుసటి ఉగాదికి అమ్మ చింతపండు నానబెట్టగానే, స్టాండుతో సహా ఎత్తుకుని పక్కింట్లో పెట్టి వచ్చింది.

ఇంకొక సంగతి చెప్పాలి. కింది పళ్లెం ఎప్పుడూ కొంచెం ఒక పక్కకు ఒరిగి ఉండాలి. రెండూ సాపుగా అతుక్కుంటే మధ్యలో గాలి ఇరుక్కుంటుంది. చిక్ అనాల్సింది నోరు మూసినట్టు బుస్సుమంటుంది. ఒరగడానికి కింద తిప్పే మరమేకు ఒకటి ఉంటుంది. పత్తికొండలో మా చిన్నాయన కొడుకు పెండ్లిలో పాట మొదలయ్యే ముందు ఆ మర విరిగింది. ఆమె కట్టుకున్న చీర కొంగు అంచు పర్రున చింపి, మడిచి, కింది పళ్లెం కింద ఒక పక్క దూర్చింది. వాళ్ల నాయన నేసిన మెరూన్ అంచు చీర అది. ముందు వరసలో మా అమ్మ లేచి నిలబడింది.

"కట్టుకున్న చీర చింపుకుంటారేమే?"

"అంచే కదత్తా. ఆడ పాట పోతాది."

తర్వాత కొత్త మర కొనలేదు. ఇనుము కంటే ఇదే బాగుందంది. హై-హ్యాట్ గురించి నాకు ఒక మాట మాత్రం చెప్పింది, "నేను పోతే దీన్ని అల్మరాలో పెట్టొద్దు సారూ. తొక్కకపోతే మూగదైపోతాది."

పోయిన వారం కీబోర్డు ఆయన వచ్చాడు. వేంపల్లెలో ఒక పెండ్లికి ప్రోగ్రాం ఒప్పుకున్నారు. కొత్త డ్రమ్మరుకు డ్రమ్ములున్నాయి, మంచి హై-హ్యాట్ లేదు. అడగలేక కూర్చున్నాడు. ఇవ్వాలని నాకు తెలుసు. వెంటనే లేవలేకపోయాను. ఆయనకిచ్చిన కాఫీ చల్లారాక లేచి, స్టాండుతో సహా తెచ్చి ఇచ్చాను.

పెండ్లిరోజు పొద్దున ఊడుస్తుంటే స్టాండు ఉన్న చోట మెరూన్ ముక్క దొరికింది. మడతమీదే గట్టిపడి ఉంది. ఎత్తుకుపోయేటప్పుడు జారినట్టుంది. చొక్కా జేబులో పెట్టుకుని వేంపల్లె బస్సెక్కాను.

నేను మంటపంలోకి వెళ్లేసరికి మైకులు సరిచూస్తున్నారు. గేటు దగ్గరే వినపడింది: బుస్, బుస్. వేదికమీద కొత్త డ్రమ్మరు, ఆటో మెకానిక్కట, వంగి కిందికి చూస్తున్నాడు.

"ఏమైంది భాయ్?"

"తెలీడంలే సార్. మేడం వాయిస్తాంటే విన్యా. ఇట్లుండదు ఇది."

కింది పళ్లెం ఎత్తి ముక్క దూర్చాను. ఎటు పక్కో చేతికే తెలిసింది.

"మీకు వాయించను వచ్చా సార్?"

"రాదు. ఇది మాత్రం వచ్చు. తొక్కు."

చిక్.

మైకు పట్టుకున్న పాటగాడు సగం మాటలో ఆగి వెనక్కి తిరిగాడు. కీబోర్డు ఆయన తల ఎత్తలేదు. "ఇప్పుడు మొదలుపెట్టండప్పా" అన్నాడు.

ముందు వరసలో కూర్చున్నాను. పెండ్లివారు భోజనానికి రమ్మన్నారు, తర్వాత తింటానన్నాను. పాట మొదలైంది. అంత వెలుతురులో, కింది పళ్లెం కింద వేలెడు మెరూన్ అంచు బయటికి వేలాడుతోంది. కాలు పడినప్పుడల్లా ఒకసారి ఎగిరి, మళ్లీ కుదురుకుంటోంది.