అమ్మ మానుకున్న అన్నం

యుద్ధం రోజుల్లో మా జహీరాబాద్‌లో వరి అన్నం పండుగకో పబ్బానికో. మిగతా రోజులన్నీ జొన్నరొట్టే. నా అక్షరాభ్యాసం సరిగ్గా ఆ కరువులోనే వచ్చిపడింది. పళ్ళెంలో బియ్యం పరిచి, పంతులు నా వేలు పట్టి ఓనమాలు దిద్దించారు. ఆ బియ్యమంతా తాంబూలంతో ఆయనకే ఇచ్చెయ్యాలి, అది ఆచారం. మా అమ్మ కొంచెం వెనక్కి తీసి కొంగున కట్టుకుంది. తనకోసం కాదు, అన్నం కావాలని పొద్దుటినుంచి నేను తీసిన రాగం అలాంటిది. సాయంత్రం వండిపెడితే చెయ్యి నాక్కుంటూ తిన్నాను.

నిజాం సర్కారు బడిలో అంతా ఉర్దూ. తెలుగు కావాలంటే పంతులింటి అరుగే దిక్కు. అక్కడ ఎన్నాళ్ళు కూర్చున్నా నాకు అక్షరం ఒంటబట్టలేదు. నిన్న చూసిన అక్షరం ఇవాళ ఇంకో మొహం పెట్టుకుని ఎదురొచ్చేది. నాకంటే చిన్నవాళ్ళు గుణింతాలు దాటిపోయారు. చెవికి మాత్రం ఏం లోటు లేదు, ఒక్కసారి వింటే చాలు, వస పోసిన పిట్టలా అప్పజెప్పేదాన్ని. "నోరు జూస్తే బారెడు, పలక మీద సున్న," అని పంతులు తొడపాశం పెట్టేవారు. బెల్లం దుకాణం నుంచి వచ్చిన మా నాయన ఒకనాడు తేల్చేశాడు. "దసరదాక సూస్త. అప్పటికి రాకుంటె బడి బంద్. ఇంట్ల అమ్మకైన ఆసరైతది."

ఆ మాట విన్న మర్నాడు రొట్టెలు చేస్తూ అమ్మ ఉన్నట్టుండి ఏడ్చింది. "నేనే జేసిన బిడ్డా గిదంత. సరస్వతి బియ్యం దాసిన. నువ్వు దిద్దిన అక్షరాలు నీకే వండిపెట్టిన. ఇగ నీకు ఏడికెల్లి వస్తయి?" నాకు చదువొచ్చేదాకా అన్నం ముట్టనని ఉగాది వెళ్ళగానే మొక్కుకున్నదట. రోజూ రొట్టెలు తినే ఇంట్లో ఆ సంగతి ఎవరి కంటా పడలేదు. తర్వాతి పండుగకు మా అందరికీ అన్నం వడ్డించి, తాను మూలన కూర్చుని రొట్టె తుంచుకుంటుంటే నాకు ముద్ద దిగలేదు. ఏడ్చి వండించుకుని తిన్నది నేను, నోరు కట్టుకున్నది ఆమె. ఇదెక్కడి న్యాయం?

దసరా దగ్గరికొచ్చింది. అరుగు మీద నా పక్కన కూర్చునే పిల్లను బతిమాలి, వాచకంలో నక్క పాఠం మళ్ళీ మళ్ళీ చదివించుకుని నోటికి పట్టాను. ఏ మాట దగ్గర పేజీ తిప్పాలో కూడా నేర్చుకున్నాను. అమ్మకు చదువు రాదు, నాయనకు తెలుగు అక్షరాలు రావు. ఇద్దరినీ కూర్చోబెట్టి, వేలు జరుపుకుంటూ గడగడా వదిలాను. నాయన "వారెవ్వా" అన్నాడు. అమ్మ పండుగనాడు అన్నంలో పచ్చిపులుసు కలుపుకుని తింది. "కడుపు సల్లగైంది బిడ్డా," అంది. మొక్కు తీరకుండానే ఆమె చేత అన్నం తినిపించాను. ఆ తర్వాత అమ్మకు ఒళ్ళు కాస్త వెచ్చబడినా నా పాపమే అనుకుని వణికేదాన్ని.

పంతులు దగ్గర ఆ ఆట సాగలేదు. పాఠం మధ్యలో వేలు పెట్టి "ఇక్కడికెల్లి సదువు" అన్నారు. నేను మొదటినుంచి ఎత్తుకున్నాను. ఆయన ఏమీ అనకముందే ఏడుపందుకుని బియ్యం సంగతి, మొక్కు సంగతి అంతా కక్కేసి, అమ్మకు చెప్పొద్దని కాళ్ళు పట్టుకున్నాను.

"ఇన్నొద్దులు తొడ గిల్లిన గాని, నీకేం గనవడ్తుందని ఒక్కపారి గూడ అడగకపోతిని," అన్నారు పంతులు.

మర్నాటినుంచి అందరూ వెళ్ళాక వాకిట్లో ఇసుక పోసి, నన్ను కళ్ళు మూసుకోమని, నా చెయ్యి పట్టి బారెడు బారెడు అక్షరాలు గీయించేవారు. ఒకటి కుదిరేదాకా రెండోది లేదు. "ఎందుకట్ల గనవడ్తయో నాకెర్క లేదు. ముందుగాల చెయ్యికి తెల్వనీ, కంటికి అదే జెప్తది," అనేవారు. తిట్లు మానలేదు గానీ గిల్లడం మానారు.

మళ్ళీ వానలు పడే నాటికి, ఎవరూ నాకు చదివి వినిపించని పాఠంలో ఒక వాక్యం నా అంతట నేను చదివాను. చెరువు నిండిందని, కొంగలు వచ్చాయని. అంతే. పుస్తకం పట్టుకుని ఇంటికి ఉరికాను. అమ్మ జొన్నలు చెరుగుతోంది. ఎదురుగా కూర్చుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, ఆగుతూ, చెమటలు కక్కుతూ చివరిదాకా చదివి తలెత్తాను.

అమ్మ చేట కింద పెట్టేసింది. మొహం పాలిపోయింది.

"దసరకు గడగడ సదివితివి గదనే. గిప్పుడు గిట్ల ఆగుకుంట ఆగుకుంట... మల్ల పోతున్నయా బిడ్డా? నేను అన్నం తిన్ననని పోతున్నయా?"

నిజం చెబితే మొక్కు తప్పిన పాపం ఆమె నెత్తిన పడుతుంది. చెప్పకపోతే మళ్ళీ నోరు కట్టుకుంటుంది. నాకు ఇంకేం తోచలేదు. పేజీలు వెనక్కి తిప్పి, నక్క పాఠం మీద వేలు పెట్టి, గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను.

"ఆఁ, గట్ల సదువు," అని అమ్మ కళ్ళు తుడుచుకుని చేట అందుకుంది.