అన్న నా చేతికిచ్చిన తాడు

మొన్న సీతమ్మధారలో మా అపార్ట్‌మెంట్ వాళ్ళకి నిప్పంటుకుంటే ఏం చేయాలో చూపించడానికి ఫైర్‌సర్వీసు వాళ్ళొచ్చారు. ఎవరైనా వచ్చి పైపు పట్టుకోండని వాళ్ళడిగితే, రోజూ అందరి మీదా పెత్తనం చేసే మా అసోసియేషన్ పెద్దమనిషితో సహా అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే అన్న గుర్తొచ్చాడు.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. తొంభైల తొలినాళ్ళలో నేను నౌకాదళంలో చేరి విశాఖలో మొదటిసారి ఓడెక్కినప్పుడు మా జట్టుకు పెద్ద ఆయన, భీమిలిలో చేపలవేటకు వెళ్ళే కుటుంబంలో పుట్టినవాడు. నేనేమో వ్యవసాయదారుల ఇంటి నుంచి వచ్చి, హిందీ ముక్క రాక, పదిమందిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టే రకం. జట్టును వరుసలో నిలబెట్టమంటే నా కేక నాకే వినిపించేది కాదు, తోటివాళ్ళు పడీపడీ నవ్వేవారు. నాకసలు గొంతే లేదన్నా అని ఆయన దగ్గర వాపోయేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం, ఓడ రేవులో ఉండగానే కింది గదిలో మంటలు లేచి, మా వంటవాడు లోపల చిక్కుకుపోయాడు. అన్న నడుముకు తాడు కట్టుకుని, ఆరితేరినవాళ్ళందరినీ దాటుకుంటూ వచ్చి, రెండో కొస నా చేతిలో పెట్టాడు.

"నువ్వే పట్టుకోరా. నాను తాడు కుదిపితే లాగించెయ్. మరేటీ ఆలోసించకు," అని మాస్కు తగిలించుకుని పొగలోకి దిగిపోయాడు.

నా వెనక మిగతావాళ్ళూ తాడు పట్టుకున్నారు. ఒక మనిషి ప్రాణం, ఆయన ఇల్లాలి పసుపుకుంకుమలు నా పిడికిట్లో ఉన్నాయనుకుని తాడును ఇంకా బిగించి పట్టుకున్నాను. ఇంతలో చేతికి కుదుపు తగిలింది.

"లాగండ్రా! ఆగకండ్రా, లాగండి!"

ఆ అరుపు నాదేనంటే నాకే నమ్మకం కలగలేదు. తెలుగు రాని పంజాబీలూ మలయాళీలూ, అందరూ నాకంటే పెద్దవాళ్ళే, మారుమాట లేకుండా లాగారు. వంటవాణ్ణి పొదివి పట్టుకుని బయటపడ్డ అన్న, దగ్గుతూనే నన్ను చూసి నవ్వాడు.

"గొంతు నేదన్నావు కదరా, మరిదేటి?"

తర్వాత నాయకత్వం మీద నాకు శిక్షణలు చాలానే ఇచ్చారు. రెండువేల సంవత్సరం దాటాక నేనే జట్టుకు పెద్దనై, ఒకసారి నడుముకు తాడు కట్టుకోవలసి వస్తే, నా కళ్ళు అందరిలోకీ అనుభవజ్ఞుడి కోసమే వెతికాయి, కొస అతనికే ఇచ్చాను. అందరూ చేసేదీ అదే. ఇప్పుడు ఓడలు మారాయి, పరికరాలు మారాయి, ఆనాటి మనుషులూ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నోరు పెగలని కొత్తవాడి చేతిలో తన ప్రాణం పెట్టడానికి ఆ వేళ ఆయనకు గుండె ఎలా వచ్చిందో నాకు ఈనాటికీ అంతుబట్టదు. అడుగుదామంటే అన్న లేడు.