ఇందాకటిది బాగుందా?

పాతికేళ్లుగా ఆయన రోజుకు ముప్పై మందిని ఒకటే ప్రశ్న అడుగుతున్నాడు. కళ్లద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేయడం ఆయన పని. వచ్చినవాళ్ల ముక్కు మీద ఖాళీ ఫ్రేము పెట్టి, అందులో ఒక అద్దం వేసి, తీసి, ఇంకోటి వేసి, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అంటాడు. అక్కడ అడిగి ఊరుకుంటే గొడవే లేదు. ఆ ప్రశ్న ఆయన వెంట ఇంటికి వచ్చి నట్టింట్లో తిష్ఠ వేసింది. వీధిలోవాళ్లు ఆయన్ని 'ఇందాకటాయన' అంటారు, అదీ ఆయనకు వినపడేలాగే.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఈయనకు పొరుగింటితో పని లేదు, నిన్న తనింట్లో వండిన కూర చాలు. ముద్ద నోట్లో పెట్టుకోగానే నిన్నటిది గుర్తొస్తుంది. నిన్న తినేటప్పుడు మొన్నటిది గుర్తొచ్చింది. మంచం కిటికీ పక్కకు జరిపించి, రెండు రోజులకే గోడ పక్కకు లాగించి, మళ్లీ కిటికీ దగ్గరకు తెప్పిస్తాడు. అద్దెకు మూడు ఇళ్లు మారారు. మూడో ఇంట్లో కూర్చుని మొదటి ఇంట్లోని వెలుతురును తలుచుకుంటాడు. అక్కడున్నన్నాళ్లూ ఆ వెలుతురు కళ్లలో పొడుస్తోందని కర్టెన్లు కట్టించిందీ ఈ మహానుభావుడే. చెడ్డవాడేం కాదు. సుఖంగా ఉన్నానని ఒప్పేసుకుంటే ఇంతకంటే మంచిదేదో చేజారిపోతుందని భయం.

భార్య ఓపిక గల మనిషే. మొన్న ఆవిడ చాలా ఏళ్ల తర్వాత సరదాపడి జుట్టు మెడ దాకా కత్తిరించుకుని వచ్చింది. గుమ్మంలో నిలబడి, "ఎలా ఉన్నాను?" అంది.

"ఇందాకటిది బాగుంది," అనేశాడు అలవాటు కొద్దీ.

కత్తిరించిన జుట్టును మళ్లీ తగిలించడానికి అదేమన్నా అద్దమా? ఆవిడ అరవలేదు, ఏడవలేదు. లోపలికి వెళ్లి వాళ్ల అక్కకు ఫోన్ చేసి, ఆదివారం బయల్దేరి వస్తున్నానని చెప్పింది.

"ఎన్నాళ్లుంటావు?" అని అడిగాడు.

"తెలీదు. నాకు కాస్త మనశ్శాంతి కావాలి. మీ దగ్గర ఎప్పుడూ పరీక్షలో కూర్చున్నట్టే ఉంటుందండీ. పాతికేళ్లయింది, ఇంకా రిజల్టు చెప్పరు."

ఇంకెవరైనా అనుంటే నవ్వేవాడు. ఈ మనిషి వెళ్తే మళ్లీ రాదేమోనన్న భయంతో శనివారమంతా కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. దుకాణంలో ఒక పెద్దాయనకు పొరపాటున ఒకే అద్దాన్ని రెండుసార్లు వేసి ఏది బాగుందని అడిగాడు. పెద్దాయన తల అటూ ఇటూ తిప్పి, బాగా ఆలోచించి, రెండోదే మేలన్నాడు. తేడా లేనిచోట కూడా మనిషి తేడా వెతుక్కుంటాడని ఆయనకు తెలియంది కాదు. ఆ రోజు మాత్రం అది సూటిగా తనకే తగిలింది.

ఆదివారం బస్టాండుకు సంచి తనే మోసుకొచ్చాడు. ఈ బస్సా, తర్వాతదా అనకుండా నోరు కట్టేసుకున్నాడు. బస్సు వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టి ఆవిడ వెనక్కి తిరిగింది.

"ఒక్క మాట చెప్పండి. నేను వెళ్తే బాగుంటుందా, ఉంటే బాగుంటుందా?"

'ఉండు' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆయన వృత్తిలో మొదటి జవాబును నమ్మరు. వచ్చినవాళ్లు తొందరలో ఏదో ఒకటి అనేస్తారని, అద్దాలు అటూ ఇటూ మార్చి మూడుసార్లు అడిగాకే చీటీ మీద రాస్తారు. ఆవిడ కూడా మళ్లీ అడుగుతుందని మీనమేషాలు లెక్కపెడుతూ నిలబడ్డాడు. ఆవిడ అడగలేదు. ఆయన చేతిలోంచి సంచి తీసుకుని ఎక్కేసింది.

బస్సు కదిలాక పరిగెత్తాడు. యాభై దాటిన మనిషి, ఒక చెప్పు ఊడిపోయినా ఆగకుండా, బస్సును అరచేత్తో బాదుతూ పరిగెత్తాడు. డ్రైవరు తిట్టుకుంటూ ఆపాడు.

"ఉండు!" అన్నాడు రొప్పుతూ.

ఆవిడ కిటికీ తెరిచింది. "ఎప్పుడు తేల్చుకున్నారు?"

"తేల్చుకోలేదు. ముందే తెలుసు. నోరు రాలేదు."

"పాతికేళ్లూ తెలుసా?"

"తెలుసు."

"మరి నాకు చెప్పాలి కదా!" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపం మాత్రం పోలేదు.

"సార్, మీ సంసారం ఇంటికెళ్లి చూసుకోండి, మాకు లేటవుతోంది," అని లోపలినుంచి ఎవరో కేకేశారు. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వబోయి ఆపుకుంది.

"అక్క ఎదురుచూస్తుంటుంది. వెళ్లొస్తాను," అంది.

బస్సు వెళ్లిపోయింది. ఎండకు రోడ్డు కాలుతోంది, ఒంటి చెప్పుతో నడిరోడ్డు మీద నిలబడిపోయాడు. ఆయనకు ఆవిడ కావాలి. నిన్నటికంటే ఎక్కువగానా, తక్కువగానా అని చూసుకోలేదు. కావాలి, అంతే.