పెదనాయన తిన్న చెంపదెబ్బ

ముందుగా పాఠక మహాశయులకు సాష్టాంగ క్షమాపణ. పెద్దల్ని తలుచుకునే ఈ పుటల్లో రాయవలసినవాళ్లు పెద్దలు. గంధపు బొట్టు, గద్గద కంఠం, నాలుగు శ్లోకాలు చేతిలో ఉన్నవాళ్లు. పెళ్లిళ్లలో మైకు లాక్కుని మేనమామల నడకలు నడిచి చూపించే నాలాంటివాణ్ణి రాయమనడం సంపాదకుల పొరపాటు, సరేననడం నా అహంకారం. ఇందులోని అచ్చుతప్పులకూ, అతిశయోక్తులకూ, చదువుతుండగా మీ కాఫీ చల్లారిపోయినందుకూ నన్నే క్షమించాలి. ఇన్నిటికీ క్షమాపణ అడుగుతున్నాడు, పాపం వినయవంతుడు అనుకోకండి. అడగవలసిన దాన్ని వీలైనంత వెనక్కి నెట్టడానికి ఇదొక పద్ధతి.

మా నాన్నకు అన్న, అంటే నాకు పెదనాయన, పోయిన నెలలో పోయాడు. ఆ ఉదయం నేను ఆఫీసులో మా మేనేజరు కుర్చీలోంచి లేచే తీరును పక్కవాడికి అభినయించి చూపిస్తున్నాను. ఫోను మోగింది. అన్న, పెదనాయన కొడుకు. "నాయన పోయినాడురా" అని మాత్రం అన్నాడు. దేవుడికి మాల కడుతూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే గోడకు ఒరిగిపోయాడట. నేను కుర్చీలోంచి సగం లేచిన భంగిమలోనే ఉండిపోయాను. పక్కవాడు ఇంకా నవ్వుతున్నాడు.

అరవదేశంలో స్థిరపడ్డ తెలుగువాళ్లం, జార్జి టౌన్‌లో మాది మూడు తరాల వ్యాపారం. పగడాలు, ముత్యాలు, రంగురాళ్లు టోకున అమ్ముతాం. మేడ మీద ఒక్క గది, మెట్లు ఇరుకు, ఒక మనిషి దిగుతుంటే ఇంకొకడు కింద నిలబడాలి. రాళ్ల పొట్లాలు సంచిలో పెట్టుకుని పెదనాయనే చింతాద్రిపేటలో నగలు చేసే ఆచారుల దగ్గరికి వెళ్లేవాడు. నేను పుట్టకముందు ఒకసారి ఇద్దరు కత్తి చూపించి ఆ సంచి లాక్కున్నారు. ఊరికే లాక్కోలేదు, మణికట్టు నుంచి మోచేతి దాకా గీసిపోయారు. ఆ కుట్లు మానాక ఆయన దరఖాస్తు పెట్టుకుని, ఏడాదికి పైగా తిరిగి, లైసెన్సు తెచ్చుకుని, ఒక రివాల్వరు కొన్నాడు.

మా ఇంట్లో దాని పేరు ఎవరూ పలకలేదు. "అది" అనేవాళ్లం. పెద్దమ్మ పొద్దున్నే "అది తీసుకున్నావా" అని అడిగేది, కళ్లద్దాల గురించి అడిగినట్టు. నా జన్మలో దాన్ని రెండుసార్లు చూశాను, రెండుసార్లూ ఇనప్పెట్టె తలుపు సందులోంచే. ప్యాంటు నడుము లోపల తోలు ఒర, పైన ఒక సైజు పెద్దదైన గళ్ల చొక్కా. సాదా చొక్కా అయితే ఎత్తు కనిపిస్తుందట. కింద పడిన వస్తువు తీయాలంటే నడుము వంచేవాడు కాదు, మోకాళ్ల మీద కూర్చుని లేచేవాడు. కావలించుకోబోతే పక్కకు తిరిగి భుజం ఇచ్చేవాడు. హోటల్లో గుమ్మం కనబడే కుర్చీ కావాలి. దగ్గు మందు తాగిన రోజు అది ఇనప్పెట్టెలోనే ఉండేది, కళ్లు మూతపడే మనిషి దాన్ని మొయ్యకూడదని. ఇవన్నీ నేను పదో తరగతికే అభినయంలోకి దించేశాను. మోకాళ్ల మీద కూర్చోవడానికి మంచి చప్పట్లు పడేవి.

"ఉండాదని నలుగురికి తెలిస్తే అది నీకు కాపలా కాదురా, నువ్వే దానికి కాపలా" అనేవాడు. ఇంకోటి కూడా అనేవాడు: "పారిపోయేదానికి సందు ఉన్నంతసేపు దాన్ని తలుచుకోగూడదు." నడుస్తూ నడుస్తూ ప్రతి వీధిలోనూ ఆ సందు ఎక్కడుందో చూసుకునేవాడు. ఇరవై ఏళ్లుగా నడిచిన వీధే అయినా సరే, మళ్లీ చూసుకునేవాడు.

ఇంత మనిషి, ఊళ్లో అందరికీ దారి ఇచ్చేవాడు. చేతిబండివాడు కాలి మీద చక్రం ఎక్కించి తనే తిడితే, "తప్పు నాదేనప్పా, నువ్వు పో" అని పక్కకు నిలబడేవాడు. వరసలో వెనకవాడు ముందుకు దూరితే చోటిచ్చేవాడు. కాలేజీలో చేరిన కొత్తలో నేను ఉండబట్టలేక అడిగాను: "అందరికీ దండం పెట్టుకుంటా తిరిగేదానికి అదెందుకు పెదనాయనా, ఓ గుడి గంట కట్టుకోరాదా?"

ఆయన చాలాసేపు నవ్వాడు. నవ్వు తగ్గాక అన్నాడు: "దాన్ని తీసకపొయ్యేవాడు కోపాన్ని ఇంట్లో పెట్టిపోవాలరా. రెంటికీ ఒకే నడుము చాలదు."

ఇది వేదాంతం అనుకున్నాను. కాదని ఎన్నికలొస్తే తెలిసేది. ఎన్నికలు ప్రకటించగానే లైసెన్సు ఉన్నవాళ్లు తమ ఆయుధాన్ని పోలీసు స్టేషనులో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవాలి. ఓట్ల లెక్కింపు అయిపోయాక తిరిగి ఇస్తారు. ఆ కొన్ని వారాలు మా పెదనాయన వేరే మనిషి. స్టేషను మెట్లు దిగుతూనే ఆటోవాడితో గొడవ. కరెంటు బిల్లు దగ్గర గొడవ. వంకాయలు ముదురువని కూరగాయలామెతో గొడవ, ఆమె తిరిగి నాలుగు అంటే ఈయన ఐదు. ఒకసారి బస్సులో ఎవడో ఆడపిల్ల మీద పడుతుంటే వాడి కాలరు పట్టుకుని వ్యాసర్పాడి స్టాపులో దింపాడు, అరవై రెండేళ్ల వయసులో. అభ్యర్థుల కంటే పెదనాయనే ఎక్కువ ప్రచారం చేస్తున్నాడని నేను చెప్పుకునేవాణ్ణి. పెద్దమ్మ మాత్రం దేశంలో ఎన్నికలు త్వరగా ముగియాలని మొక్కుకునేది. లెక్కింపు అయ్యేది, "అది" నడుముకు చేరేది, మర్నాటి నుంచి మళ్లీ "తప్పు నాదేనప్పా".

తుపాకీ ఉంటే మనిషికి ధైర్యం వస్తుందని నేను, లోకమంతా అనుకున్నట్టే అనుకున్నాను. ఆయనకు అది ఉన్నన్నాళ్లూ కోప్పడే హక్కు లేదు. ఆ హక్కును ఆయన ప్రతి పొద్దునా ఇంట్లో విప్పి పెట్టి వెళ్లేవాడు. ఈ సంగతి నా కళ్లెదుట ఎన్ని ఎన్నికల్లో రుజువైనా, నాకు దొరికింది అభినయానికి సరుకే.

ఇప్పుడు చెంపదెబ్బ. మా బంధువుల్లో ఇది తెలియనివాళ్లు లేరు, చెప్పింది నేనే కనక. రెండేళ్ల కిందట ఒక పగటిపూట. పెదనాయనను రోజూ తీసుకెళ్లే ఆటో మనిషి రాలేదు, నా బండి వెనక కూర్చోబెట్టుకుని చింతాద్రిపేటకు బయల్దేరాను. జార్జి టౌన్ దాటకముందే ఒక సందులో నా బండి హ్యాండిలు తగిలి లోడు ఆటో పక్క లైటు పగిలింది. డ్రైవరు దిగాడు, వెనక సరుకు దించే ఇద్దరు దిగారు. మాటా మాటా. డ్రైవరు పెదనాయనను చెంప మీద కొట్టాడు. పెదనాయన చెయ్యెత్తలేదు, నోరెత్తలేదు.

ఆరు నెలల తర్వాత మా చిన్నత్త కూతురి పెళ్లిలో మైకు నా చేతికొచ్చింది. "నడుమున సింహం, మొహాన కుందేలు" అని మొదలుపెట్టాను. దెబ్బ తిన్న మొహం పెట్టాను. దెబ్బ పడిన వారానికే ఆయన రివాల్వరునూ లైసెన్సునూ శాశ్వతంగా అప్పజెప్పేశాడు కదా, దాన్నీ వాడుకున్నాను: "దెబ్బకు సింహం కూడా జడిసి స్టేషనుకు పారిపోయింది." పందిరి ఊగిపోయింది. మూడో వరసలో పెదనాయన కూడా నవ్వాడు. పక్కనే పెద్దమ్మ నవ్వలేదు. ఆ రాత్రి నుంచి పిల్లలు ఆయనను చూడగానే చెంప పట్టుకుని చూపేవాళ్లు. ఆయన కూడా తన చెంప పట్టుకుని కళ్లు పెద్దవి చేసి వాళ్లను నవ్వించేవాడు.

ఎందుకు అప్పజెప్పావని ఇంట్లో అడిగితే, వయసైంది, చెయ్యి వణుకుతోంది అన్నాడు. ఆ సాయంత్రమే కొట్లో కూర్చుని ఆవగింజంత ముత్యాలకు దారం ఎక్కిస్తుంటే చూశాను. ఒక్కటి కూడా తప్పలేదు. అప్పటి నుంచి చింతాద్రిపేటకు పాత దారి మానేసి రెండు బస్సులు మారి చుట్టుతిరిగి వెళ్లేవాడు, ఒట్టి నడుముతో. ఎవరితో కావాలంటే వాళ్లతో పోట్లాడటానికి ఇక అడ్డేమీ లేదు. పోట్లాడాడు కూడా. కార్పొరేషను నీళ్లవాడితో, కేబులువాడితో, ఆలస్యంగా వచ్చానని నాతో. అసలు తిట్లు ఇవాళ వస్తాయి, రేపు వస్తాయి అని నేను ఎదురుచూశాను. రెండేళ్లు ఎదురుచూశాను. ఆ ఒక్కదాని గురించి ఆయన నన్ను ఏమీ అనలేదు.

పదోరోజు ఇంటినిండా చుట్టాలు. భోజనాలయ్యాక, పటం ముందు దీపం వెలుగుతుండగానే, ఎవరో మామ చెంపదెబ్బ కథ ఎత్తుకున్నాడు. నా మాటలతోనే, నా విరామాలతోనే చెప్పాడు. జనం నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ముప్పై ఏళ్లు ఒక్కరినీ నొప్పించకుండా అంత ప్రమాదాన్ని మోసిన మనిషికి మిగిలిన పేరు అది. వాళ్ల మనవళ్లకు కూడా అదే చేరుతుంది. నేను కూడా నవ్వాను, కథ నాది కాబట్టి నవ్వకపోతే బాగుండదని.

పెద్దమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"మీ పెదనాయన పిరికోడు కాదురా. ఆ మనిషితో నేను నలభై ఏండ్లు కాపురం చేసినా. తిట్టించుకుంటాడు, సరే. దెబ్బ పడేదాకా నిలబడే మనిషి కాదు. ముందే చెయ్యి అడ్డం పెడతాడు, లేకుంటే ఎనక్కి పోతాడు. ఆ పొద్దు ఆడ ఏమైనాది?"

"జనం ఎక్కువగా ఉండారు పెద్దమ్మా. సరిగ్గా చూడలే."

ఆమె పాలగిన్నె చేతిలోకి తీసుకుంది. "ఆయన్ని అడిగితే కూడా ఇట్నే అన్నాడు" అంది. "జనం ఎక్కువ, సరిగ్గా తెలీలేదు అన్నాడు. ఇద్దరూ ఒకే మాట చెప్తా ఉండారు." అని పాలు పొయ్యి మీద పెట్టడానికి అటు తిరిగింది.

మేమిద్దరం ఏనాడూ కూడబలుక్కోలేదు.

కాబట్టి, పెద్దమ్మా, మామలూ, పందిట్లో చప్పట్లు కొట్టిన మీరందరూ వినండి. అచ్చుతప్పులకూ చల్లారిన కాఫీకీ అడిగిన క్షమాపణలు వెనక్కి తీసుకుంటున్నాను.

లైటు పగిలిన గొడవ ఆ పూట ముగిసిపోయింది. ముగించింది పెదనాయన. బండి దిగి, రెండు చేతులూ జోడించి, పిల్లోడు చూసుకోలేదప్పా, కొత్త లైటు వేయిస్తానని చెప్పాడు. డ్రైవరు మెత్తబడ్డాడు. "సరే పో పెరుసూ" అన్నాడు, పో పెద్దాయనా అన్నట్టు. ఆటోలోకి ఒక కాలు కూడా పెట్టాడు. పెట్టి, నా వైపు చూసి, ముసలాయన దండాల చాటున దాక్కున్నాడు వీడు, చదువుకున్న మొహం అని తోటివాళ్లతో అని నవ్వాడు. ఆ ఇద్దరూ నవ్వారు. జనాన్ని నవ్వించి బతికేవాణ్ణి, నన్ను చూసి నవ్వితే ఓర్చుకోలేకపోయాను.

పెదనాయన వెనక నిలబడి, అరవంలో, సందంతా వినిపించేలా నేను అన్న మాట ఇది: "ఆయన నడుములో ఏముందో తెలుసా? చొక్కా ఎత్తి చూపించమంటారా?"

ముగ్గురి కళ్లూ గళ్ల చొక్కా మీదికి వెళ్లాయి. సరుకు దించే ఇద్దరిలో ఒకడు మెల్లగా పెదనాయన పక్కకు జరిగాడు. డ్రైవరు కాలు కిందికి దించాడు. అప్పటిదాకా జోడించి ఉన్న పెదనాయన చేతులు విడిపోయి నడుము మీదికి దిగాయి. రెండు అరచేతులతో చొక్కాను అక్కడే అదిమి పట్టుకున్నాడు, ఎవడి చెయ్యీ అక్కడికి రాకుండా. బెదిరిస్తావా అంటూ డ్రైవరు మీదికొచ్చాడు. చెయ్యి లేవడం పెదనాయన చూశాడు. ఒక చెయ్యి తీసి అడ్డం పెట్టి ఉంటే దెబ్బ తగిలేది కాదు. తీయలేదు. కళ్లద్దాలు ఎగిరి ఆటో కిందికి పోయాయి. ఆ రెండు చేతులూ అలాగే పెట్టుకుని, అద్దాల్లేని కళ్లతో, నేనెక్కడున్నానో అని నా కోసం వెతికాడు.