సున్నం వేయని జానెడు గోడ

మా ఆమె పోయింది. వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, ఆస్పత్రిలో, తెల్లవారాక. ఎలుక జ్వరం అన్నారు. వరద నీళ్ళలో నడిచినవాళ్ళకు వస్తుందట. పరామర్శకు వచ్చినవాళ్ళు చాలామంది విధి అన్నారు. విధి కాదు. ఒక మనిషి. ఆమె ఆ నీళ్ళలోకి ఎందుకు దిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆమె పర్యావరణ ఇంజనీరు. నగరానికి ఎగువన ఒక పాత జలాశయం ఉంది. దాని కట్ట ఎత్తు పెంచి, పెద్ద గేట్లు పెట్టాలని ప్రతిపాదన. అందుకు కావలసిన అధ్యయనాలు ఆమె పనిచేసే కంపెనీకి వచ్చాయి. కట్ట బలం ఒకరికి, మట్టి ఒకరికి, చేపలూ పక్షులూ ఇంకొకరికి. ఆమె వంతుకు దిగువ ప్రాంతం వచ్చింది. గేట్లు ఎత్తితే నీళ్ళు ఎవరి ఇళ్ళలోకి వస్తాయి, ఎంత ఎత్తు వస్తాయి, అది రాయాలి. మేముండేది కిషన్‌బాగ్‌లో, మూసీకి దగ్గరి గల్లీలో. అంటే తన ఇంటి సంగతి కూడా తనే రాయాలి.

నీళ్ళు వచ్చిన ఇల్లు ఆమెకు చూడగానే తెలిసిపోయేది. పెళ్ళికి ముందు తనవాళ్ళతో మా ఇల్లు చూడటానికి వచ్చింది. వాళ్ళు వస్తున్నారని మా అమ్మ గోడలన్నిటికీ సున్నం వేయించింది. ఆమె నా వైపు చూడలేదు. గోడ అడుగున వేలితో గీకి, "అమ్మా, నీళ్ళు ఎక్కడిదాక వచ్చినయి?" అని అడిగింది.

"మా ఇంట్లకు నీళ్ళా? ఎవరు చెప్పిన్రు?" అంది మా అమ్మ.

ఆమె వేలికంటిన బురద చూపించి నవ్వింది. అయినా సంబంధం కుదిరింది.

ఎవరింటికి వెళ్ళినా అంతే. కూర్చునే ముందు గోడ అడుగు చూసేది. పెళ్ళిళ్ళకు వెళ్తే ఫంక్షన్ హాలు గోడలు చూసేది. ఆఫీసు సంచిలో ఎండాకాలం కూడా ప్లాస్టిక్ చెప్పులుండేవి. వంట చేస్తూ ఎవరితోనో వాదిస్తున్నట్టు పైకి మాట్లాడుకునేది. "వచ్చిన కాడికి వచ్చినయని రాయాలె. తక్కువ లేదు, ఎక్కువ లేదు." ఉస్మాన్‌గంజ్‌లో మాది మిర్చి దుకాణం. నేను ఇంట్లో అడుగు పెట్టగానే తుమ్మేది. "అక్కడనే నిలబడున్రి. అంగీ మార్చినంకనే లోపటికి రాన్రి," అనేది. ఇప్పుడు నేరుగా లోపలికి వస్తున్నాను. ఎవరూ తుమ్మరు.

మా గల్లీకి ఒక అలవాటు ఉంది. నీళ్ళు వచ్చి పోయాక, దసరాకో రంజాన్‌కో, ఏది ముందొస్తే దానికి సున్నం వేస్తాం. బురద చారలున్న ఇంటికి చుట్టాలు వస్తే నామోషీ. కిందటేడు కూడా అట్లాగే కడిగి తెల్లగా చేసుకున్నాం. కంపెనీ పెద్ద సారు బృందంతో వచ్చింది ఆ తర్వాత. గల్లీ పెళ్ళింటిలా మెరుస్తోంది. మనుషులను అడగమంది మా ఆమె. అడిగారు. ఎదురింట్లో బట్టలు కుట్టే అక్క, గల్లీ అంతా ఆపా అంటాం, తన బిడ్డకు సంబంధాలు చూస్తోంది. నలుగురిలో ఆమె ఏమంటుంది?

"పానీ? నై సాబ్. మా ఇంట్ల పానీ ఏంది?"

నివేదికలోంచి దిగువ ప్రాంతం అధ్యాయం ఎగిరిపోయింది. వరద గుర్తులు కనిపించలేదు అన్న ఒక్క వాక్యం మిగిలింది. ఆ అధ్యాయం ఉంటే గేట్లు ఎత్తే ముందు మా గల్లీలో సైరన్ మోగాలి, ఏటి ఒడ్డున అడ్డుగోడ కట్టాలి. లేకపోతే పెద్ద గేట్లు వస్తాయి, సైరన్ రాదు. మా ఆమె వెళ్ళి పెద్ద సారును అడిగింది. పాత ఫొటోలు చూపించింది.

"ఫొటోలు ఎవలన్నా తీస్తరు మేడమ్. సొంత గల్లీ కదా, మీకు ప్రేమ ఉంటది. గోడలు చూస్తే తెల్లగున్నయి. గోడ మీద రుజువు చూపెట్టున్రి, అప్పుడు పెడదాం," అన్నాడట.

ఇంటికొచ్చి అతని గొంతు అనుకరిస్తూ చెప్పింది, నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

ఈ ఏడు ఎగువన వానలు పడి, ఉన్న పాత గేట్లే ఎత్తారు. గల్లీ మునిగింది. అందరం మిద్దెల మీదికి ఎక్కాం. నీళ్ళు నడుము దాకా తగ్గగానే ఆమె లేచింది. గడపకు పూసే ఎర్రమట్టి జాజు గిన్నెలో కలుపుకుంది.

"ఇప్పుడెందుకు? నీళ్ళు పూర్తిగా పోనీ," అన్నాను.

"నీళ్ళు పోతే చార ఆరిపోతది. మల్ల కడుగుతరు, సున్నమేస్తరు. గీత ఇప్పుడే గీయాలె."

ముందు మా వసారా గోడ మీద, తడి ఆగిన చోట గీసింది. తర్వాత ఇంటింటికీ వెళ్ళింది. ఎదురింటికి వెళ్ళేసరికి గిన్నె ఖాళీ.

"ఆపా, జాజు ఉందా?"

"మా ఇంట్ల జాజు ఎక్కడిది బేటీ? మెహందీ ఉంది."

"అదే ఇయ్యి."

ఆపా మిద్దె మీది నుంచి మెహందీ కోన్ విసిరింది. "క్యా, గోడకు షాదీ చేస్తున్నవా?" అంది. గల్లీలో అన్ని మిద్దెల మీదా నవ్వులు.

"పండుగకు సున్నం వేసుకో ఆపా, ఫికర్ లేదు. ఈ జానెడు మాత్రం విడిచిపెట్టు."

తర్వాత జ్వరం. ఆస్పత్రిలో కళ్ళు తెరిచినప్పుడల్లా ఒకటే మాట. "సున్నాలు వేసిన్రా?"

"వేస్తున్రు. నీ జానెడు విడిచిపెట్టిన్రు," అన్నాను. నిజంగానే విడిచిపెట్టారు. ఆ మాట విని పడుకుంది.

పెద్ద సారు పరామర్శకు వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో పూలదండ. వసారాలో గోడకు దగ్గరగా కుర్చీ వేశాను. ఎక్కడ వేయాలో నాకు తెలుసు. ఆయన కూర్చున్నాడు. ఎర్రగీత ఆయన తలకు బెత్తెడు పైన ఉంది. చాయ్ తెచ్చిన ఆపా గీతను చూసింది, ఆయనను చూసింది.

"మస్తు నిజాయితీ గల మనిషి. నివేదిక మొదటి పేజీల ఆమెకు అంకితం అని వేస్తం," అన్నాడు. "ప్రజాభిప్రాయ సేకరణ సభ ఉంది కదా, అది లొల్లి లేకుండ జరిగితే అదే ఆమెకు నివాళి."

"పేరు వద్దు సార్. తీసేసిన అధ్యాయం పెట్టండి."

"ఇప్పుడు కష్టం, అన్నా. మీరు దుఃఖంల ఉన్నరు."

"ఉన్నాను. చాయ్ తాగండి."

ఆపా కదల్లేదు. "సాబ్, ఆ దినం నేను ఝూట్ చెప్పిన," అంది. "పానీ వచ్చింది. సభల మైకు పట్టుకొని చెప్త."

ఆయన చాయ్ సగంలో దించాడు.

నా కోపం తగ్గలేదు. తగ్గాలని కోరుకోవడం కూడా లేదు. ఆయన ఆరోగ్యంగా ఉండాలి. సభ నాటికి గొంతు బాగుండాలి. గల్లీ అంతా వస్తోంది. నేను అడిగేది ఒకటే ప్రశ్న. సార్, నీళ్ళు వచ్చిన రోజు మా కుర్చీలో కూర్చుని ఉంటే మీకు ఊపిరి ఎట్లా ఆడేది? జవాబు చెప్పకపోతే మళ్ళీ అడుగుతాను. ఆయన ఎక్కడ సభ పెడితే అక్కడికి వెళ్ళి అడుగుతాను. నాకు ఇంట్లో వేరే పని లేదు.

ఆ రోజు ఆయన వెళ్ళడానికి లేచి, బూట్లు వేసుకుంటూ ఒంటికాలి మీద తూలి గోడకు ఆనుకున్నాడు. జాజు ఎండి పొడిపొడిగా ఉంది. ఆయన వెనక్కి తిరిగాక చూశాను. తెల్ల చొక్కా మీద, భుజాల కింద అడ్డంగా ఎర్రటి చార. ఆపా కూడా చూసింది. కొత్త సున్నం వేసిన ఇళ్ళ మధ్య, గోడగోడకూ విడిచిపెట్టిన జానెడు గీతల పక్కన, ఆమె గీసిన గీతను వీపు మీద మోసుకుంటూ ఆయన గల్లీ చివరిదాకా నడిచి వెళ్ళాడు.