తొట్టిలో తేటనీళ్లు

పాలవాడు నవ్వితే నీళ్లు కలిపాడంటుంది మా పెద్దమ్మ, నవ్వకపోతే ఇంకా ఎక్కువ కలిపాడంటుంది. అనుమానం పెనుభూతం అంటారు. మా ఇంట్లో ఆ భూతానికి రెండుపూటలా వడ్డించేవాళ్లం.

ఆవిడా, ఆవిడ తోడికోడలైన మా అమ్మా కలిసి రంగుచేపల పిల్లలను పెంచి దుకాణానికి ఇచ్చేవారు. అప్పుడే ఈత నేర్చిన పిల్లలకు పొడి మేత పడదు. వాటి నోటికి పట్టేవి పెరట్లో సిమెంటు తొట్టిలో గంతులేసే పురుగులు, ఆవగింజలో సగం ఉంటాయి. వాటిని మేం నలుసులు అనేవాళ్లం.

ఆ ఎండాకాలం నలుసులు విపరీతంగా పెరిగాయి. ఒక ఉదయం చూస్తే పచ్చగా ఉండే నీళ్లు అడుగు కనబడేంత తేటపడ్డాయి. సగానికి పైగా నలుసులు చచ్చి ఉన్నాయి. ముందురోజే అమ్మ బ్లీచింగ్ పౌడరుతో వసారా కడిగింది. పెద్దమ్మకు అంతకన్నా ఏం కావాలి?

"నీళ్లు ఊరికే తేటపడతాయా? ఎవరో ఏదో పోశారు," అంది, అమ్మ వైపు చూడకుండా అమ్మకే వినబడేలా.

"నేనేం పొయ్యలేదక్కా."

"నిన్నన్నానా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేం?"

సాయంత్రానికల్లా తొట్టి మీదికి రేకు మూత, దానికో తాళం వచ్చాయి. పెద్దమ్మే మూత ఎత్తి చేపపిల్లలకు కాసిని నలుసులు తీసి, వెంటనే తాళం వేసేది. అమ్మ మళ్లీ పెరట్లో అడుగుపెట్టలేదు. పోట్లాడినా బాగుండేది. అడిగినదానికి జవాబు చెప్పుకోవడం తప్ప ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఒక్క పొయ్యి మీద వండుకునే ఇల్లు రెండవుతుందేమోనని నాకు దిగులు పట్టుకుంది.

వారం తిరిగేసరికి తొట్టిలో ఒక్క నలుసు లేదు. చేపపిల్లలు పొట్టలు అతుక్కుపోయి తేలుతున్నాయి.

"దొంగతాళం చేయించింది!" పెద్దమ్మ వాకిట్లో నిలబడి అరిచింది. ఈసారి 'ఎవరో' అనలేదు, అమ్మ పేరే పెట్టింది.

చేపల చెరువుల దగ్గర కావలి పని చేసిన పెదనాన్న అంతవరకు ఈ గొడవలో తలదూర్చలేదు. ఇక లాభం లేదని లేచి, మూత తీసి అవతలికి గిరాటేశాడు.

"విషం కాదే, ఆకలి! నీళ్లలో పచ్చదనమే వీటి తిండి. మొదట మంద పెరిగిపోయి ఉన్నదంతా తినేశాయి, తిండి చాలక చచ్చాయి. మిగిలినవాటికి పచ్చదనం మళ్లీ పుట్టేదే. నువ్వు ఎండ తగలనిచ్చావా?"

పెద్దమ్మ తల దించుకుని లోపలికి వెళ్లిపోయింది. చెప్పొద్దూ, నాకు సంతోషమే వేసింది.

ఎండకు నీళ్లు మళ్లీ పచ్చబడ్డాయి. ఆకలి రోజుల్లో నలుసులు గట్టి పెంకు గుడ్లు పెట్టి పోయాయట, అవి పిగిలి తొట్టి నిండా గంతులు మొదలయ్యాయి. పెద్దమ్మ గాజుగ్లాసుతో ముంచుకుని వంటింట్లోకి వచ్చింది. తప్పయిందని అనడం ఆవిడకు చేతకాదు. గ్లాసు అమ్మ ముందుకు చాచింది.

"చూడవే, ఎలా ఎగురుతున్నాయో. పట్టుకో."

అమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నీ దగ్గరే ఉంచుకో అక్కా. నేను ముట్టుకున్నాక చస్తే?"